రస్టీ బవర్స్ చేసింది గొప్ప పనా, మామూలు డ్యూటీయా, పార్టీకి ద్రోహమా? అరిజోనా వాళ్ళు తప్పకుండా రాయండి

చాండ్లర్_వాసి:

శనివారం మా ఇంట్లో నాలుగు ఫ్యామిలీలు కలిసి భోజనానికి కూర్చుంటే మళ్ళీ ఇదే గొడవ, పదకొండింటి దాకా తేల్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. తెలియని వాళ్ళ కోసం ముందు కొంచెం వివరంగా చెప్తా.

రస్టీ బవర్స్ అరిజోనాలోని మీసా ఊరి రిపబ్లికన్ నాయకుడు. 1952 లో పుట్టాడు, మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ), శిల్పి, బొమ్మలు కూడా వేస్తాడు. 1993 లో రాష్ట్ర హౌస్ (దిగువ సభ) లోకి వచ్చాడు, 97 నుంచి 2001 దాకా సెనేట్, తర్వాత చాలా ఏళ్ళు బయట ఉండి 2015 లో మళ్ళీ హౌస్, 2019 నుంచి 2023 మొదట్లో దిగిపోయే దాకా స్పీకర్. అబార్షన్, ట్యాక్సులు, స్కూల్ వోచర్లు (ప్రైవేట్ స్కూల్ ఖర్చుకి ప్రభుత్వ డబ్బు) ఏది తీసుకున్నా పక్కా కన్జర్వేటివ్. 2020 లో ట్రంప్ కి ఓటేశాడు, ట్రంప్ కోసం ప్రచారం కూడా చేశాడు.

2020 నవంబర్ 22 ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి వైట్ హౌస్ నుంచి ఫోన్. లైన్ లో ట్రంప్, ఆయన లాయర్ జూలియానీ. అరిజోనాలో బైడెన్ 10,457 ఓట్లతో గెలిచాడు కదా, ఆ 11 మంది ఎలక్టర్లని (రాష్ట్రం తరఫున ప్రెసిడెంట్ కి ఓటేసే ప్రతినిధుల్ని) పక్కన పెట్టి అసెంబ్లీ వేరే వాళ్ళని పంపొచ్చు, దానికి మీరు దారి తీయండి అని అడిగారు. చచ్చిపోయిన వాళ్ళు ఓట్లేశారు, రెండు లక్షల మంది అక్రమంగా వచ్చిన వాళ్ళు ఓట్లేశారు అని జూలియానీ అంటే ఈయన పేర్లివ్వండి అన్నాడు, ఇస్తామన్నారు, ఆ పేర్లు చివరి దాకా రాలేదు. తర్వాత జూలియానీ ఫీనిక్స్ వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు మా దగ్గర థియరీలు చాలా ఉన్నాయి, ఆధారాలే లేవు అన్నాడని బవర్స్ 2022 జూన్ 21 న జనవరి 6 దాడి మీద విచారణ చేసిన కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పాడు. 2021 జనవరి 4 న ట్రంప్ లాయర్ ఈస్ట్‌మన్ ఫోన్ చేసి చేసేయండి, మిగతాది కోర్టులు చూసుకుంటాయి అన్నాడు, 6 వ తేదీ పొద్దున మన ఈస్ట్ వ్యాలీ కాంగ్రెస్‌మన్ ఆండీ బిగ్స్ ఫోన్ చేశాడు, అందరికీ ఒకటే సమాధానం, కుదరదు అని.

దానికి ఫలితం ఏంటంటే 2022 జూలైలో రాష్ట్ర పార్టీ సెన్షర్ చేసింది (అధికారికంగా ఖండించింది), ఆగస్టు 2 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రాష్ట్ర సెనేట్ సీటుకి పోటీ చేస్తే ట్రంప్ మద్దతున్న డేవిడ్ ఫార్న్స్‌వర్త్ చేతిలో దాదాపు 64-36 తో ఓడిపోయాడు. కెనెడీ లైబ్రరీ వాళ్ళ ధైర్య పురస్కారం ఇచ్చారు, బైడెన్ మెడల్ ఇచ్చాడు, కానీ సొంత ఊళ్ళో ఓటు మాత్రం రాలేదు.

నేననేది ఒకటే. ఆయన కన్జర్వేటివ్ అయ్యుండి కూడా మంచి పని చేశాడు అని అందరూ అంటారు చూడండి, అది తప్పు. కన్జర్వేటివ్ కాబట్టే చేశాడు. రాసి ఉన్న రూలు, చేసిన ప్రమాణం, ఉన్న పద్ధతి, వీటిని మనకి లాభం ఉందని మార్చకూడదు అనేదే కదా ఆ మాటకి అర్థం. రాజ్యాంగం దైవ ప్రేరణతో వచ్చింది అనేది తన మత విశ్వాసం అని కమిటీ ముందే చెప్పాడు. మీరేమంటారు?

మీసా_పాతకాపు:

నేను మీసాలో 25 ఏళ్ళుగా ఉంటున్నా, సిటిజన్ అయినప్పటి నుంచి రిపబ్లికన్ గానే రిజిస్టర్ అయి ఉన్నా, 2022 ప్రైమరీలో ఫార్న్స్‌వర్త్ కే ఓటేశా, దాచుకునేదేం లేదు. కాబట్టి రెండో వైపు కూడా వినండి.

ఎలక్టర్లని మార్చమంటే ఆయన ఒప్పుకోలేదు, సరే, అది నేనూ ఒప్పుకుంటా, మార్చి ఉంటే రేపు వాళ్ళూ మార్చేవాళ్ళు. మా కోపం అది కాదు. దాదాపు 34 లక్షల ఓట్లు పడితే తేడా పది వేలు, లక్షల మంది ఓటర్లకి డౌట్ ఉంది, హౌస్ లో అధికారికంగా ఒక్క హియరింగ్ పెట్టండి, సాక్షుల్ని ప్రమాణం చేయించి అడగండి, అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది అని అడిగాం. పెట్టలేదు. నవంబర్ 30 న జూలియానీ వాళ్ళు హోటల్లో కూర్చుని మీటింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. నా ప్రశ్న ఏంటంటే, మాలాంటి వాళ్ళు తలుపు కొడితే తలుపు తీసి కాదు అని చెప్పడం వేరు, అసలు తలుపే తీయకపోవడం వేరు. ఎన్నికైన వాడికి చట్టం ఎంత ముఖ్యమో తనని గెలిపించిన వాళ్ళ మాట వినడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే ఆ కుర్చీ వాళ్ళిచ్చిందే.

ఇంకోటి, వాషింగ్టన్ లో డెమొక్రాట్లు నడిపిన కమిటీ ముందుకెళ్ళి టీవీలో మాట్లాడటం. సబ్‌పీనా (చట్టపరమైన ఆదేశం) వచ్చింది వెళ్ళాడు, ఒప్పుకుంటా, కానీ ఎన్నికకి ఆరు వారాల ముందు మా పార్టీ వాళ్ళకి అది ఎలా కనపడుతుంది? ద్రోహం అనే మాట నేను వాడను. దూరమైపోయాడు, అంతే.

ఎడారి_టీచర్:

నాకు ఇద్దరి మాటా నచ్చలేదు, సారీ.

నేను గిల్బర్ట్ లో పబ్లిక్ స్కూల్లో పాఠాలు చెప్తా, పదకొండేళ్ళయింది. నాకు బవర్స్ అంటే ముందు గుర్తొచ్చేది 2022 లో అందరికీ వోచర్లు ఇచ్చిన చట్టం. 2018 లో అదే విషయం ప్రొపొజిషన్ 305 గా ఓటింగ్ కి వస్తే జనం వద్దు అని భారీగా తిప్పికొట్టారు. నాలుగేళ్ళు తిరక్కుండా ఈయన స్పీకర్ గా ఉన్న హౌస్ దాన్ని ఇంకా పెద్దది చేసి పాస్ చేసింది, గవర్నర్ డూసీ సంతకం పెట్టాడు. అంతకు ముందు ఆ ప్రోగ్రాంలో ఉన్న పిల్లలు 12 వేల దగ్గర, రెండేళ్ళు తిరిగేసరికి 70 వేలు దాటారు, అందులో చాలామంది అసలు ఎప్పుడూ పబ్లిక్ స్కూల్ మొహం చూడని వాళ్ళు. ఆ డబ్బంతా రాష్ట్ర ఖజానాదే.

ప్రజల ఓటుని గౌరవించాడు అని ఒక్క 2020 విషయంలో హీరోని చేస్తున్నారు, మరి 2018 లో జనం వేసిన ఓటు ఓటు కాదా? ఒక మనిషి ముప్పై ఏళ్ళ రాజకీయాన్ని ఒక్క ఫోన్ కాల్ తో కొలిస్తే మిగతాదంతా ఏమైపోవాలి. ఆ ఫోన్ కి ఆయన ఇచ్చిన సమాధానం కరెక్టే, నేను కాదనట్లేదు. దొంగతనం చెయ్యమంటే చెయ్యను అన్నాడు, మంచిదే, అది ఎవరైనా చెయ్యాల్సిన పని. దానికి మెడల్ ఇచ్చే రోజులు వచ్చాయంటే నాకు బాధగా ఉంది.

టెంపీ_కుర్రాడు:

అన్నా నాకు ఒక్క డౌట్, నేను ఇక్కడికొచ్చి రెండేళ్లే అయితాంది. మన దగ్గర పార్టీ విప్ ఇస్తే ఎమ్మెల్యే దానికి ఎదురు ఓటేస్తే సీటే పోతది కదా, మరి ఈడ ప్రెసిడెంట్ స్వయంగా ఫోన్ చేసినా ఒక రాష్ట్ర స్పీకర్ కాదు అంటే ఆయన్ని ఏం చెయ్యలేరా? ఇంక అట్ల ఎవ్వరూ ఏం చెయ్యలేరు అంటే ధైర్యం అని ఎందుకు అంటున్రు?

చాండ్లర్_వాసి:

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇక్కడ ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు, పార్టీ సెన్షర్ చేసింది అంటే అది ఒక తీర్మానం, పదవి పోదు, మెంబర్‌షిప్ కూడా పోదు, ఎందుకంటే రిపబ్లికన్ గా రిజిస్టర్ అవ్వడం ఓటరు చేతిలో పని. అధ్యక్షుడికి రాష్ట్ర స్పీకర్ మీద ఏ అధికారమూ లేదు. నువ్వన్నట్టు సీటు తీసేయలేరు.

కానీ ఇక్కడ కత్తి ప్రైమరీలో ఉంటుంది. అరిజోనాలో 1992 లో జనమే ఓటేసి టర్మ్ లిమిట్ పెట్టారు, ఒక సభలో వరసగా నాలుగు టర్ములు, అంటే ఎనిమిదేళ్ళు. 2015 లో వచ్చిన మనిషికి 2022 తో హౌస్ అయిపోయింది, అందుకే సెనేట్ కి పోటీ చెయ్యాల్సి వచ్చింది. మీసా రిపబ్లికన్ కోట, నవంబర్ లో ఎవరు గెలుస్తారో ప్రైమరీలోనే తేలిపోతుంది. ఏ పార్టీలోనూ లేని వాళ్ళు కూడా అడిగి ఒక పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చు, కానీ నడి ఎండాకాలంలో ప్రైమరీకి వచ్చేది ఎక్కువగా పార్టీ గట్టి వాళ్ళే. అంటే నో చెప్పిన రోజే ఆయనకి తెలుసు తర్వాత ఎన్నిక ఎట్లా ఉంటుందో. గెలిస్తే అద్భుతమే అని ప్రైమరీకి ముందే మీడియా వాళ్ళకి చెప్పాడు కూడా. నేను ధైర్యం అనేది దాన్నే.

టీచర్ గారు, 305 గురించి మీరు చెప్పింది నిజం, నా దగ్గర సమాధానం లేదు, ఒక్కటి తప్ప. జనం వద్దన్న చట్టాన్ని కొత్తగా మళ్ళీ పాస్ చెయ్యడం నచ్చకపోయినా రూల్ లోపలే ఉంది, మళ్ళీ సంతకాలు సేకరించి దాన్ని ఆపే హక్కు మీకుంది, ఓటేసి వాళ్ళని దింపే హక్కుంది. పడిన ఓటుని మార్చేస్తే ఇంక ఆ దారులన్నీ మూసుకుపోతాయి. రెండిటినీ ఒకే త్రాసులో వెయ్యలేం.

నీటి_ఇంజనీర్:

అందరూ ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోయారు. నేను 18 ఏళ్ళుగా నీళ్ళ ప్రాజెక్టుల్లో పని చేస్తున్నా, బవర్స్ ని నేను చూసింది వేరే వైపు నుంచి, అది కూడా ఈ లెక్కలోకి రావాలి.

2019 జనవరి. కొలరాడో నది కరువు ఒప్పందం, అంటే లేక్ మీడ్ రిజర్వాయర్ లో నీళ్ళు ఏ లెవల్ కి పడితే ఏ రాష్ట్రం ఎంత వదులుకోవాలి అన్న లెక్క. జనవరి 31 లోపు అరిజోనా అసెంబ్లీ పాస్ చెయ్యకపోతే మేమే నిర్ణయిస్తాం అని ఫెడరల్ వాళ్ళు గడువు పెట్టారు. ఈయన స్పీకర్ అయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. పినాల్ కౌంటీ రైతులు, సిటీలు, బిల్డర్లు, హీలా రివర్ ట్రైబ్ అనే ఆదివాసీ తెగ, ఎవరికి వాళ్ళు లాగుతున్నారు. హౌస్ లో రిపబ్లికన్లు 31, డెమొక్రాట్లు 29, అయినా రెండు పార్టీల వాళ్ళూ కలిసి గడువు రోజే పాస్ చేశారు, డూసీ అదే రోజు సాయంత్రం సంతకం. తర్వాత 2021 లో మొదటిసారి షార్టేజ్ ప్రకటించి 2022 కి అరిజోనా వాటాలో దాదాపు 18 శాతం కోత పడింది, అప్పుడు ఎవరికి ఎంత అని వీధిన పడకుండా ఉన్నామంటే ఆ కాగితం ముందే ఉండబట్టే.

ఇంతవరకూ పొగిడా, ఇప్పుడు రెండో ముక్క. అదే నెలల్లో ఈయనే ఇంకో బిల్లు తెచ్చాడు. పై హీలా లోయలో కొంతమంది రైతులు అయిదేళ్ళు వాడకపోతే నీటి హక్కు పోతుంది అన్న పాత రూల్ వల్ల కోర్టులో ఇబ్బంది పడుతున్నారు, ఆ రూల్ తీసేద్దాం అని. కోర్టులో వాళ్ళకి ఎదురుగా ఉన్నది హీలా రివర్ ట్రైబ్. మా కేసు మధ్యలో చట్టం మారిస్తే మేము కరువు ఒప్పందం నుంచే తప్పుకుంటాం అని వాళ్ళు గట్టిగా చెప్పారు, వాళ్ళ నీళ్ళు లేకపోతే ఒప్పందమే నిలబడదు. చివరికి బవర్స్ ఆ బిల్లు ఆపేశాడు. కాబట్టి చాండ్లర్_వాసి గారు, ఉన్న పద్ధతిని మన లాభం కోసం మార్చకూడదు అనేది ఆయన ముప్పై ఏళ్ళు తప్పకుండా పాటించిన నియమం అని మీరనుకుంటే అది సరిగ్గా అతకదు. నడుస్తున్న కేసు మధ్యలో రూల్ మార్చాలని ఆయనా చూశాడు. తేడా ఏంటంటే ఎదుటి వాళ్ళు అడ్డం నిలబడ్డప్పుడు ఆగాడు. నాకు ఆ ఆగడం చాలా పెద్ద గుణం, అసెంబ్లీలో ఆగడం తెలిసిన వాళ్ళు తక్కువ.

చాండ్లర్_వాసి:

ఈ హీలా విషయం నాకు ఇంత వివరంగా తెలీదు, థ్యాంక్స్ అన్నా. నా వాదనకి ఇది దెబ్బే, ఆలోచిస్తా.

మీసా_పాతకాపు:

ఇంజనీర్ గారు మంచి పాయింట్ తెచ్చారు, దాని మీదే నాదొకటి. పన్నెండు కమిటీల సంగతి ఎవరైనా మాట్లాడతారేమో అని చూస్తున్నా, ఎవరూ ఎత్తట్లేదు.

2022 లో జాన్ ఫిల్మోర్ అనే మెంబర్ ఒక బిల్లు పెట్టాడు. ముందస్తు ఓటింగ్ దాదాపు ఎత్తేయడం, చేత్తో లెక్కపెట్టడం, ఎన్నిక అయ్యాక అసెంబ్లీ కూర్చుని ఫలితాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. బిల్లు మంచిదా చెడ్డదా పక్కన పెట్టండి, నాకూ అందులో సగం నచ్చలేదు, నేనే 15 ఏళ్ళుగా పోస్ట్ లో బ్యాలెట్ తెప్పించుకుని కవర్ మీద సంతకం పెట్టి పంపిస్తా. కానీ స్పీకర్ ఏం చేశాడు? మామూలుగా ఒకటో రెండో కమిటీలకి పంపే బిల్లుని హౌస్ లో ఉన్న 12 కమిటీలకీ పంపాడు. అన్నీ దాటి రావాలంటే సెషన్ అయిపోతుంది, అంటే చంపేసినట్టే, అది ఆయనా దాచలేదు. ఒక్క మనిషి, ఓటింగ్ లేదు, చర్చ లేదు. పద్ధతి పద్ధతి అంటున్నారు కదా, మరి ఇదే పద్ధతా? జనం ఎన్నుకున్న మెంబర్ బిల్లుకి ఒక్క కమిటీలో ఓటు పెట్టి ఓడించి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. 2020 లో హియరింగ్ ఇవ్వలేదు, 2022 లో ఓటు ఇవ్వలేదు, నేను మొదట్లో తలుపు అన్నది ఇందుకే.

ఎడారి_టీచర్:

ఈ ఒక్క విషయంలో నేను బవర్స్ పక్కన నిలబడతా, నాకే ఆశ్చర్యంగా ఉంది రాస్తుంటే. ఆ బిల్లు గనక ఓటింగ్ కి వచ్చి ఉంటే 31 మంది రిపబ్లికన్లలో ప్రతి ఒక్కరి మీదా ప్రైమరీ కత్తి వేలాడేది, వ్యతిరేకంగా వేసిన వాళ్ళ పేర్లు సాయంత్రానికల్లా వీధి వీధికీ వెళ్ళేవి. ఆయన ఆ దెబ్బ తను తిని మిగతా వాళ్ళని తప్పించాడు. క్లాసులో కూడా ఒక్కోసారి ఇలాగే చెయ్యాల్సి వస్తుంది, గొడవలో పిల్లలందరితో చేతులెత్తించకుండా టీచరే వద్దు అని చెప్పాలి, తర్వాత పేరెంట్స్ వచ్చి అడిగితే తనే సమాధానం చెప్పాలి.

చాండ్లర్_వాసి:

రెండు రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నా, కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

హియరింగ్ విషయం ముందు. మీసా అన్నగారూ, తలుపు తీయలేదు అన్నారు, కానీ ఆ డౌట్లకి తలుపులు చాలానే తెరుచుకున్నాయి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో రెండు పార్టీల వాళ్ళూ కూర్చుని శాంపిల్ బ్యాలెట్లు చేత్తో లెక్కపెట్టారు, మెషీన్ లెక్కకీ దానికీ ఒక్క ఓటు తేడా రాలేదు. పార్టీ ఛైర్మన్ కెల్లీ వార్డ్ కేసు వేస్తే రాష్ట్ర సుప్రీంకోర్టు డిసెంబర్ 8 న ఏకగ్రీవంగా కొట్టేసింది, ఆ కోర్టులో జడ్జీలందర్నీ వేసింది రిపబ్లికన్ గవర్నర్లే. ఆ తర్వాత రాష్ట్ర సెనేట్ ప్రెసిడెంట్ క్యారెన్ ఫ్యాన్ సబ్‌పీనా ఇచ్చి 2021 లో సైబర్ నింజాస్ కంపెనీతో మొత్తం మారికోపా బ్యాలెట్లు మళ్ళీ లెక్కపెట్టించింది, నెలల తరబడి స్టేడియంలో బల్లలేసి మరీ. చివరికి వాళ్ళ లెక్కలోనే బైడెన్ కి 99 పెరిగి ట్రంప్ కి 261 తగ్గాయి. అది తేలాక డౌట్లు పోయాయా? లేదు కదా. 2022 లో ఫార్న్స్‌వర్త్ డిబేట్ లో నిలబడి దీని వెనక సాక్షాత్తూ సైతానే ఉంది అన్నాడు, ఆయనకే 64 శాతం వచ్చింది. హౌస్ లో ఇంకో హియరింగ్ పెడితే తీరే డౌట్ కాదు అది. హియరింగ్ పెట్టేంత ఆధారం లేదు అన్నాడు ఆయన, అడిగినా వాళ్ళు ఇవ్వలేదు.

కానీ పన్నెండు కమిటీలు... అక్కడ మీ మాట నన్ను ఇబ్బంది పెడుతోంది, నిజంగా. టీచర్ గారు చెప్పిన కారణం బాగుంది, అయినా ఆ అధికారం రేపు ఇంకో స్పీకర్ చేతిలో ఉంటే మంచి బిల్లుని కూడా అలాగే చంపుతాడు. ఎక్కువసార్లు జరిగేది అదే, మైనారిటీ పార్టీ వాళ్ళ బిల్లులు అసలు ఒక్క కమిటీకి కూడా వెళ్ళవు. ఆయన వాడింది ఉన్న అధికారమే, కొత్తగా పుట్టించింది కాదు, పబ్లిక్ గానే చేశాడు. చట్టంలో లేని అధికారాన్ని వాడను అని 2020 లో అన్నాడు, ఉన్న అధికారాన్ని 2022 లో పూర్తిగా వాడాడు. ఆ రెండూ ఒకే మనిషి చేసే పనులే అని నాకనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే నేను తప్పు పట్టను.

ప్లేనో_అక్క:

బయటి రాష్ట్రం నుంచి మాట్లాడుతున్నా, ఏమీ అనుకోవద్దు. నన్ను కలవరపెట్టింది ఇంకోటి. ఆ కమిటీ ముందు అంత చెప్పి, కన్నీళ్ళు పెట్టుకుని, అదే వారంలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వాళ్ళతో ట్రంప్ మళ్ళీ క్యాండిడేట్ అయి ఎదురుగా బైడెన్ ఉంటే ట్రంప్ కే ఓటేస్తా, కోవిడ్ కి ముందు ఆయన చేసింది దేశానికి బాగుంది అన్నాడు. నేను ఆ రోజు పేపర్ మూసేశా. తన ప్రమాణం తప్పించాలని చూసిన మనిషికే మళ్ళీ తాళాలు ఇస్తానంటే ఆ ప్రమాణానికి అర్థం ఏంటి? తర్వాత నెల తిరిగేసరికి ఎప్పటికీ ఓటెయ్యను అన్నాడు, మరి ఆ మధ్యలో ఏం మారింది, సెన్షర్ అయ్యాడు, అంతే. తనకి తగిలాకే తెలిసిందా అని నాకు అనిపించింది.

ఎడారి_టీచర్:

అక్కా అది నాకూ కోపమే. కానీ నేను మా నాన్నని చూశా, ఆయన నలభై ఏళ్ళు ఒకే పార్టీకి ఓటేశాడు, ఆ పార్టీ మనిషే పొలం విషయంలో అన్యాయం చేస్తే వాడితో కలెక్టర్ ఆఫీసు దాకా పోట్లాడాడు, ఎన్నిక రోజు వెళ్ళి మళ్ళీ ఆ గుర్తుకే గుద్దాడు. మనిషి లోపల పార్టీ అనేది ఇంటిపేరు లాంటిది అయిపోతుంది, అది ఒక్క రోజులో ఊడి రాదు. బవర్స్ ఆ మాట అనకుండా ఉండి ఉంటే ఇంకా గొప్పవాడిలా కనపడేవాడు, అన్నాడు కాబట్టి నిజం మనిషిలా కనపడుతున్నాడు. క్షమించమని నేననట్లేదు.

నీటి_ఇంజనీర్:

మీసా గురించి ఒక పాత విషయం కలుపుతా. ఇదే ఊరు నుంచి రసెల్ పియర్స్ ఉండేవాడు, 2010 లో ఎస్‌బీ 1070 అని అక్రమంగా వచ్చిన వాళ్ళ మీద కఠినమైన చట్టం తెచ్చిన మనిషి. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్న మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, స్టూడెంట్లు కూరగాయలకి వెళ్ళినా పాస్‌పోర్టు, ఐ-94 జేబులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు, నా రూమ్మేట్ ఒకడు జిరాక్స్ తీసి కారులో ఒకటి, బ్యాగులో ఒకటి పెట్టుకున్నాడు. 2012 లో సుప్రీంకోర్టు ఆ చట్టంలో మూడు ముక్కలు కొట్టేసింది, పోలీసులు ఆపినప్పుడు స్టేటస్ అడిగే ముక్క ఉంచింది. పియర్స్ 2011 లో సెనేట్ ప్రెసిడెంట్ గా ఉండగానే మీసా ఓటర్లు రీకాల్ (పదవి మధ్యలోనే దింపే ఎన్నిక) పెట్టి దింపేశారు, దించింది కూడా ఇంకో రిపబ్లికన్, మోర్మనే, జెర్రీ లూయిస్. అంటే గట్టి వాళ్ళని దించిన ఊరే పదకొండేళ్ళ తర్వాత బవర్స్ ని దించింది. నా లెక్క ఏంటంటే రీకాల్ లో ప్రైమరీ ఉండదు, అన్ని పార్టీల వాళ్ళూ ఒకేసారి ఓటేస్తారు, అందుకే అలా వచ్చింది. బవర్స్ కి కూడా అలాంటి ఎన్నిక ఉండి ఉంటే గెలిచేవాడు.

మీసా_పాతకాపు:

ఆ లెక్క పూర్తిగా నిలబడదు ఇంజనీర్ గారూ. 2012 లో పియర్స్ మళ్ళీ వచ్చాడు, అప్పుడు మామూలు రిపబ్లికన్ ప్రైమరీయే, అందులో కూడా బాబ్ వోర్స్‌లీ చేతిలో ఓడిపోయాడు. నేనూ ఓటేశా ఆ రోజు, వోర్స్‌లీకే. ప్రైమరీ అదే, ఊరు అదే, పదేళ్ళలో మేమే మారాం. ఎందుకు మారాం అంటే ఒక్క మాటలో చెప్పలేను. ఇళ్ళ ధరలు, బోర్డర్, కోవిడ్ లో స్కూళ్ళు మూసేయడం, మమ్మల్ని ఎవరూ లెక్క చెయ్యట్లేదు అన్న ఫీలింగ్, అన్నీ కలిశాయి. 2024 లో అరిజోనాలో ట్రంప్ అయిదు శాతం పైనే ఆధిక్యంతో గెలిచాడు, అదంతా మోసపోయిన జనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అప్పటి మీసా మేయర్ జాన్ జైల్స్, రిపబ్లికనే, డెమొక్రాట్ అభ్యర్థి హ్యారిస్ కి మద్దతు ఇచ్చాడు, ఆయనంటే నాకు గౌరవమే, ఓటు మాత్రం అటు వెయ్యలేదు.

ఇంకో విషయం చెప్పాలి, చాలా రోజులుగా లోపల ఉంది. 2020 ఎన్నిక తర్వాత బవర్స్ ఇంటి ముందుకి శనివారాలు జనం వచ్చేవాళ్ళు. ట్రక్కుల మీద స్క్రీన్లు పెట్టి బవర్స్ చిన్నపిల్లల మీద లైంగిక దారుణాలు చేసేవాడు అని వీడియోలు తిప్పారు, మైకుల్లో అరిచారు, ఒకడైతే తుపాకీ పెట్టుకుని వచ్చి పక్కింటాయనతో గొడవ పడ్డాడు. లోపల ఆయన కూతురు చావు బతుకుల మీద ఉంది, 2021 జనవరి చివర్లో పోయింది. ఆ కేకలన్నీ ఆ అమ్మాయికి వినిపించేవి అని ఆయన కమిటీ ముందు చెప్తుంటే నేను చూడలేక లేచి వంటింట్లోకి వెళ్ళా. ఆ గుంపులో నేను లేను. కానీ అదే నెలలో నేను ఆయన ఆఫీసుకి మూడు ఈమెయిల్స్ పంపా, ఆయనకి వచ్చిన ఇరవై వేల పైచిలుకు ఈమెయిల్స్ లో ఆ మూడూ ఉంటాయి. వాటిలో తిట్లు లేవు, హియరింగ్ పెట్టండి అనే అడిగా. అయినా ఇప్పుడు తల్చుకుంటే ఇంకో నెల ఆగి పంపి ఉండాల్సింది.

టెంపీ_కుర్రాడు:

అన్నా మీరు ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. నాకు ఒకటి సమజ్ కాలే, ఓడిపోయినంక ఆయన ఏం చేస్తున్నడు? మళ్ళా పోటీ చేస్తడా?

చాండ్లర్_వాసి:

మళ్ళీ పోటీ సంగతి పక్కన పెడితే తమ్ముడూ, ఆయన అసలు పని బొమ్మలే కదా, నీటి రంగులు, కంచు విగ్రహాలు. 2021 జూన్ లో టెలిగ్రాఫ్ ఫైర్ అని తూర్పు కొండల్లో పెద్ద కార్చిచ్చు వచ్చింది, ఆయన ర్యాంచ్ ఇల్లు, అక్కడ దాచుకున్న బొమ్మలు, నోట్‌బుక్‌లు చాలా వరకు అందులో కాలిపోయాయి. కూతురు పోయి అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఆ నెలలోనే కార్చిచ్చుల మీద డూసీ పిలిచిన ప్రత్యేక సెషన్ కి వచ్చి కూర్చుని సభ నడిపించాడు.

మీసా అన్నగారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. ఈ శనివారం మళ్ళీ అందరం కలుస్తున్నాం, ఈసారి మా ఇంట్లో కాదు, గిల్బర్ట్ లో, మీరూ రండి. పన్నెండు కమిటీల మీద మీ మాట మా బావమరిదికి మీరే చెప్పాలి, నేను చెప్తే వినట్లేదు.